ఇంక్యుబేటర్ మంచిదే గని దాని తేమ మీటర్‌ని మాత్రం నమ్మకుండ్రి

కోడి లేకుండనే గుడ్లను పొదిగి పిల్లలు తీసే మిషన్, ఇంక్యుబేటర్, రెండు ఎండాకాలాలు వాడినంక రాస్తున్న. మాది దేవరకొండ దిక్కు, ఇంట్ల నాటుకోళ్లు ఉంటయ్. గుడ్లకు 37.5 డిగ్రీల వేడి, పిల్లలు ఎల్లనీకి 21 రోజులు, అవన్నీ మీకు ఎరుకే. నా కోపమంతా డబ్బా మీద తేమ చూపించే ఆ నంబర్ మీదనే.

వానాకాలంల కొన్నం. అప్పుడు మస్తు పిల్లలు ఎల్లినయ్, గుడ్లు తిప్పుడు అదే చేస్కుంటది, కోడి ఎప్పుడు పొదుగుకొస్తదా అని ఎదురుచూసుడు లేదు, చుట్టాలకు కూడా కొనుమని నేనే చెప్పిన. ఏప్రిల్ వచ్చేసరికి కథ మారింది. 18వ రోజు గుడ్లు తిప్పుడు బంద్ చేసి, నీళ్లు ఎక్కువ పోసి తేమ 70 శాతానికి తెచ్చిన, డిస్‌ప్లే మీద అంతా సక్కగనే ఉంది. పిల్లలు పెంకుకు పొక్క పెట్టినయ్, లోపల్నుంచి కిచకిచ వినబడుతుంది, తెల్లారినా ఆ పొక్క పెద్దగైతలేదు. చప్పుడు ఆగిపోయిన గుడ్డు ఒకటి ఒలిచి చూస్తే లోపలి పొర ఎండి రబ్బరు లెక్క ఈకలకు అతుక్కపోయింది, పిల్లకు మెడ తిప్పనీకి కూడా జాగ లేదు. సగానికి సగం అట్లనే పోయినయ్.

అప్పుడే మా అత్తమ్మ కూడా వెనక అర్రల కోడిని పొదుగేసింది. మట్టి నేల, వరిగడ్డి, పైన గంప, అంతే. బయట అదే వడగాలి. ఒక్క మురిగిన గుడ్డు తప్ప అన్నీ పిల్లలైనయ్. "దానికి మీటరెవరు వెట్టిన్రు బిడ్డా" అని అత్తమ్మ ఒకటే నవ్వుడు.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే మీ దిక్కు ఎండలెక్కువ మేడం అన్నడు. ఇగ నేనే చూద్దామని సీసా మూతల ఉప్పు పోసి, కొన్ని నీళ్ల చుక్కలేసి ముద్ద చేసి, దాన్నీ సెన్సార్‌నీ ఒకే డబ్బాల మూతపెట్టి రాత్రంత ఉంచిన. తడి ఉప్పు ఉన్న మూత డబ్బాల తేమ 75 శాతం దగ్గరనే నిలుస్తది, అందుకే మీటర్ 75 చూపియ్యాలె, ఇది 90 దగ్గర చూపించింది. అంటే లేని తేమ ఉన్నట్టు చూపెడుతుందన్నట్టు. ఇప్పుడు లోపల వేరే చిన్న మీటర్ పెట్టుకున్న, ఎండాకాలం తడి స్పాంజి కూడా పెడుతున్న, ఈసారి నయమే.

అట్లని కోడే గొప్ప అంటలేను. పది పన్నెండు గుడ్లకు మించి దాని కింద పట్టవు, పిల్లల తల్లి అయినంక నెలల తరబడి గుడ్డు పెట్టదు, గంపల పేన్లు పడితే మన ఒళ్లంత పాకుతయ్ (బూడిద చల్లినా సుత). రాజేంద్రనగర్‌ల తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లయితే పొదుగుకు కూసునుడే తక్కువ, అవి పెంచేటోళ్లకు మిషన్ కావాల్సిందే. కాకపోతే మిషన్ పిల్లలకు వెచ్చగుండనీకి బల్బు మనమే పెట్టాలె, ఆ కరెంటు బిల్లు ఎవ్వరు చెప్పరు. మా ఇంట్ల అప్పుడే పిల్లలు తీసిన కోడి ఉంటే రాత్రిపూట మిషన్ పిల్లల్ని కూడా దాని రెక్కల కిందికి తోసేస్తున్న, తెల్లారి అన్నిటినీ తనవే అనుకొని తిప్పుకుంటది.

మాకు ఇన్వర్టర్ ఉంది కాబట్టి మిషన్ నడుస్తుంది. కరెంటు గంటలు గంటలు పోయే ఊరు అయితే, లేకుంటే ఇంటికి నాలుగు కోళ్లే ఉంటే, నేనైతే కొనకపోదును.