బ్లైనావన్ బిగ్ పిట్: నాన్నను మళ్ళీ బాయిలకు దించినం

నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైరైండు. వేల్స్‌లోని కార్డిఫ్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు కోటలు చూపిస్తే ఆవలించిండు. బ్లైనావన్ అనే ఊరికి తీసుకుపోతే, "బాయిల దిగనీకి ఇంత దూరం రావాల్నా?" అని సణిగిండు.

బిగ్ పిట్ అక్కడ 1980లో మూతబడ్డ బొగ్గుబాయి. 1983 నుంచి మ్యూజియం. మేము పోయినప్పుడు లోపలికి టికెట్ లేదు. దించే ముందు ఫోను, వాచీ, కారు తాళం, బ్యాటరీ ఉన్నదేదైనా తీసి పెట్టుకుంటారు, నిప్పురవ్వకు గ్యాస్ అంటుకుంటదన్న భయానికి. నాన్న మాత్రం ఎవరూ అడగకముందే జేబులు బయటికి లాగి చూపిండు. బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని ఏళ్ళ తరబడి తడిమించుకున్న మనిషి కదా.

టోపీ లైటుతో కేజ్ అనే లిఫ్టులో 90 మీటర్లు కిందికి. గైడు కూడా ఒకప్పటి బాయి మనిషే. ఒకచోట అందరి లైట్లూ ఆర్పించిండు. కండ్ల ముందు చెయ్యి పెట్టుకున్నా కనపడలే. 1842లో చట్టం తెచ్చి పదేండ్లలోపు మగపిల్లలను, ఆడవాళ్ళను బాయిలకు దించొద్దన్నారు. అంతకుముందు అంత చీకట్లో గాలి దారి తప్పకుండ పెట్టిన తలుపులు తీసుకుంటా మూసుకుంటా కూర్చున్నది చిన్న పిల్లలే. బొగ్గు బండ్లు లాగిన గుర్రాల కొట్టంలో ఒక్కో గుర్రానికి పేరు పలక ఉంది.

నాన్న ఎక్కువసేపు ఆగింది పైన, 1939 నాటి స్నానాల గదుల్లో. డ్యూటీ బట్టలకు ఒక లాకరు, ఇంటి బట్టలకు ఇంకొకటి. "మీ అమ్మ చూడాలె ఇది" అన్నడు. మా క్వార్టర్ వెనక బండ మీద ఆయన నీళ్ళు పోసుకుంటే మోరీ దాకా నల్లగా పారేది. ఆ బండ రుద్దేది అమ్మే.

ఊళ్ళోని ఇనుప కార్ఖానా కూడా వదలొద్దు. 1789లో కొలుములు వెలిగించిండ్రు. ఇనుప రాయి, బొగ్గు, సున్నపురాయి ఒక్క గుట్టల చుట్టే దొరికినయి మరి. 1839లో కట్టిన నీటి టవరు నాకు భలే నచ్చింది: తొట్టిలో నీళ్ళు నింపితే ఆ బరువుకే ఇంకోవైపు బండ్లు పైకి లేచేవి. మా పిల్లలకు మాత్రం బోరు కొట్టింది.

గట్టి బూట్లు, జాకెట్ తప్పదు. నేను పల్చటి చెప్పుల్లో పోయి తడిసిన. మీటరు ఎత్తు లేని పిల్లలను కిందికి దించరు. ఊళ్ళో ఒక హోటల్లో తాగిన చాయ్ సంగతి వదిలేయండి.

నాన్న గైడును నాతో అడిగించింది ఒకటే: "పింఛన్ ఎంతొస్తది?"