వైక్యూకే-300 చేతి హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్: ఏళ్ల తరబడి వాడాక

హైదరాబాద్ ట్రూప్ బజార్‌లోనో రాణీగంజ్‌లోనో "300 దాకా లగ్గు పంచ్ చేసే హైడ్రాలిక్ మెషీన్" అని అడిగితే కౌంటర్ మీదకి వచ్చేది దాదాపు ఎప్పుడూ ఇదే. లగ్గంటే కేబుల్ చివర తొడిగి నొక్కి, బోల్టుతో బిగించే లోహపు ముక్క; ఆ నొక్కడమే క్రింపింగ్. 300 అన్నది చదరపు మి.మీ.లలో కేబుల్ సైజు. వైక్యూకే-300 కంపెనీ పేరు కాదు, చైనా మోడల్ నంబరు. దాని మీద ఎవరి స్టిక్కర్ వాళ్లు అతికించి అమ్ముకుంటున్నారు. అందుకని ఇది ఏ ఒక్క బ్రాండ్ గురించో రాసిన సమీక్ష కాదు. అపార్ట్‌మెంట్ ఎల్‌టీ (లో టెన్షన్) ప్యానెళ్లు, డీజీ (డీజిల్ జనరేటర్) సెట్ కేబుళ్లు, జీడిమెట్ల, చర్లపల్లి వైపు చిన్న ఫ్యాక్టరీల ఫీడర్లు, ఇలాంటి పనుల్లో బాగా నలిగిన ఈ తరగతి టూల్ మొత్తం గురించి.

ముందే చెప్పేస్తాను, పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. కాకపోతే పెట్టె మీద రాసిన టన్నుల్ని, అంటే నొక్కే బలాన్ని, నమ్మకూడదు. పెట్టెలో ఇచ్చిన డైలని, అంటే లగ్గుని నొక్కే అచ్చుల్ని, అంతకన్నా నమ్మకూడదు.

టన్నుల సంగతి త్వరగా తేల్చేయొచ్చు. ఒకే ఆకారం, ఒకే బరువు ఉన్న టూల్ మీద ఒకరు 10 టన్నులని రాస్తారు, ఇంకొకరు 12, మరొకరు 16. సీల్ కిట్ మార్చేటప్పుడు రామ్ (డైని తోసే పిస్టన్) మీద సీల్ కూర్చునే చోట వెర్నియర్ పెట్టి వ్యాసం కొలవండి. ఈ టూళ్లు సాధారణంగా 700 బార్ దగ్గర పని చేస్తాయి, అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 714 కిలోలు. వ్యాసం 42 మి.మీ. వస్తే వైశాల్యం 13.85 చదరపు సెం.మీ., లెక్కకి వచ్చే బలం 9.9 టన్నులు. 16 టన్నులు రావాలంటే వ్యాసం 53 మి.మీ. దాటాలి. అంత లావు రామ్ ఈ తలలో పట్టే చోటే ఉండదు. అలాగని 10 టన్నులు తక్కువేమీ కాదు. డై సరిగ్గా కుదిరితే 240 అల్యూమినియం లగ్గు హాయిగా అయిపోతుంది. మందపాటి గోడ ఉన్న 300 కాపర్ లగ్గు దగ్గర మాత్రం హ్యాండిల్ మీద మనిషి బరువంతా వేయాల్సి వస్తుంది. రోజూ అదే పనైతే ఈ టూల్ మీకు పనికిరాదు.

ఇక డైలు. మామూలుగా 16, 25, 35, 50, 70, 95, 120, 150, 185, 240, 300 అని 11 జతలు ఇస్తారు. డై మీద ఉండేది ఒక్క అంకె, కానీ 240 కాపర్ లగ్గు బ్యారెల్ (తీగ దూరే గొట్టం భాగం), 240 అల్యూమినియం లగ్గు బ్యారెల్ ఒకే లావు ఉండవు. అల్యూమినియంది గోడ మందం, బయటి వ్యాసం ఎక్కువ. ఒకే డై రెండింటికీ సరిపోవడమన్నది జరగదు. పైగా ఆ డైలు చైనా లగ్గుల కొలతలకి కోసినవి. మన దగ్గర దొరికే లగ్గు అల్యూమినియమైతే ఐఎస్ 8309 (భారత ప్రమాణం) ప్రకారం ఉంటుంది, లేదా తయారీదారు సొంత కొలతల్లో ఉంటుంది. డిన్ 46235 (జర్మన్ ప్రమాణం) కాపర్ లగ్గులైతే సంగతే వేరు. వాటి మీద డై కోడ్ ముద్ర కొట్టి ఉంటుంది: 70కి 16, 95కి 18, 120కి 20, 150కి 22, 185కి 25, 240కి 28, 300కి 32. ఆ లగ్గులకి ఈ పెట్టెలో డైలు వాడొద్దు, డిన్ డైలు విడిగా తెప్పించుకోవాలి.

డై కుదిరిందో లేదో లగ్గే చెబుతుంది. రెండు డైలు పూర్తిగా కలిశాక అతుకు వెంట పల్చటి రెక్కలు బయటికి వచ్చాయంటే ఆ లగ్గుకి డై చిన్నదైపోయింది, లోహం పోవడానికి చోటు లేక పక్కకి పొంగింది. రెక్కలు కొద్దిగా ఉంటే ఆకురాయితో తీసేయొచ్చు, చేతికి తెగేంత ఉంటే లగ్గు కోసేసి కొత్తది వేయాలి. షడ్భుజి మూలలు పదునుగా రాకుండా బ్యారెల్ గుండ్రదనం అక్కడక్కడా మిగిలిపోయిందంటే డై పెద్దదైంది. ఇది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే చూడటానికి నీట్‌గా ఉంటుంది, లాగితే ఊడిరాదు, ఆ రోజు పరీక్షలన్నీ పాసవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఏసీలన్నీ ఒకేసారి పడ్డప్పుడు బయటపడుతుంది.

కొత్త కేబుల్, కొత్త లగ్గు, కొత్త డై ఈ మూడింట్లో ఏది మారినా తుక్కు ముక్క మీద ఒక లగ్గు వేసి, క్రింప్ మధ్యలో హ్యాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి, ఆకురాయితో నునుపు చేసి చూడండి. తీగలు ఒకదానికొకటి అతుక్కుని, తేనెపట్టు గదుల్లాగా మూలలు తేలి, మధ్యలో నల్లటి సందులు లేకుండా కనిపించాలి. సందులు కనిపిస్తే డై మార్చాలి. దీనికి ఖర్చయ్యేది ఒక్క లగ్గు. కాలిపోయిన బస్‌బార్ (ప్యానెల్‌లో కరెంటు పంచే లోహపు పట్టీ) మార్చడానికి అయ్యే ఖర్చు ప్యానెల్ వాళ్లని అడగండి.

పెద్ద సైజు మల్టీకోర్ అల్యూమినియం కేబుళ్లలో కోరు (లోపలి ఒక్కో తీగల కట్ట) గుండ్రంగా ఉండదు, సెక్టార్ (వృత్తంలోంచి కోసిన ముక్క) ఆకారంలో ఉంటుంది. లగ్గు బ్యారెలేమో గుండ్రం. కోరు పట్టలేదని అంచు తీగలు రెండు మూడు కోసేసి దూర్చడం హైదరాబాద్ సైట్లలో అలవాటుగా చేసే పని. కోసిన ప్రతి తీగ మేరకీ ఆ లగ్గు దగ్గర కేబుల్ సైజు తగ్గినట్టే. దానికి బదులు కోరుని ముందు గుండ్రం చేయాలి. ప్రీ-రౌండింగ్ డైలు ఈ పెట్టెలో రావు, విడిగా కొనుక్కోవచ్చు. అవి లేకపోతే ఒక సైజు పెద్ద డైలో తేలిగ్గా, కొంచెం కొంచెం తిప్పుతూ నొక్కితే కోరు దారికి వస్తుంది. డైలు పూర్తిగా కలిసేదాకా నొక్కకండి.

పని వరుస ఇలా పెట్టుకుంటే తిప్పలు ఉండవు. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సప్లై ఆపి ఇచ్చే అనుమతి) తీసుకుని, టెస్టర్‌తో చూసి, ఎర్త్ చేశాకే కేబుల్ మీద చెయ్యి వేయాలి. గ్లాండ్ (కేబుల్ ప్యానెల్‌లోకి దూరే చోట బిగించేది), హీట్ ష్రింక్ స్లీవ్ ముందే ఎక్కించాలి, లగ్గు పడ్డాక అవి వెనక నుంచి రావు. ఇన్సులేషన్ తీసే పొడవు బ్యారెల్ లోతు కన్నా కాస్త ఎక్కువ ఉండాలి, ఎందుకంటే నొక్కేకొద్దీ బ్యారెల్ సాగుతుంది. 240 అల్యూమినియంకి 5 నుంచి 10 మి.మీ. అదనం చాలు. కత్తితో చుట్టూ గాటు పెట్టేటప్పుడు ఇన్సులేషన్ మందం మొత్తం తెగనివ్వకండి. చివరి పొర విరిచి లాగాలి, లేకపోతే పైతీగల మీద గీత పడి వంపు దగ్గర విరుగుతాయి.

అల్యూమినియం తీగని వైర్ బ్రష్‌తో రుద్దాక కబుర్లు చెప్పుకోవద్దు, ఆక్సైడ్ పొర క్షణాల్లో మళ్లీ కడుతుంది. జాయింటింగ్ కాంపౌండ్ (గ్రీజులాంటి పూత) పూసి, దాని మీదే ఇంకోసారి రుద్ది, వెంటనే లగ్గులోకి తోయాలి. లోపలే కాంపౌండ్ నింపి మూత పెట్టి అమ్మే లగ్గులు కొన్ని ఉంటాయి. గ్రీజు మరకనుకుని దాన్ని బట్టతో తుడిచేసే హెల్పర్లున్నారు, ముందే చెప్పి ఉంచండి.

నొక్కే ముందు అరచెయ్యి, అంటే లగ్గుకి బోల్టు బిగించే చదును భాగం, బస్‌బార్‌కి సరిగ్గా ఎదురుగా వస్తుందో లేదో కేబుల్‌ని దాని చోట పెట్టి చూసి, లగ్గు మీదా ఇన్సులేషన్ మీదా కలిపి మార్కర్‌తో ఒక గీత గీయాలి. 240 కేబుల్‌ని తర్వాత మెలితిప్పి సర్దుదామంటే కుదరదు, ఆ బిగువంతా బోల్టు మీద పడుతుంది. టూల్ ఐదారు కిలోలుంటుంది, హ్యాండిల్ తిరగడానికి చోటు కావాలి. ప్యానెల్ లోపల పెట్టి కొట్టలేరు, కేబుల్ బయట ఉండగానే పని ముగించాలి.

క్రింప్ అరచెయ్యి వైపు మొదలుపెట్టి కేబుల్ వైపు రావాలి. అప్పుడు కాంపౌండు, చిక్కుకున్న గాలి బయటికి వస్తాయి. రెండు క్రింపుల మధ్య కొద్దిగా ఎడం ఉంచండి. ఈ డైలు సన్నవి కాబట్టి కాపర్ లగ్గుకి రెండు మూడు, పొడుగు బ్యారెల్ ఉన్న అల్యూమినియంకి నాలుగు దాకా పడతాయి. లగ్గు మీద గీతలు చెక్కి ఉంటే మాత్రం లెక్కకీ చోటుకీ అవే ప్రమాణం. మూడున్నర కోర్ కేబుల్‌లో న్యూట్రల్‌ది చిన్న సైజని మర్చిపోకండి: 240కి 120, 300కి 150, 185కి 95. మూడు ఫేజులూ అయ్యాక అదే డైతో న్యూట్రల్ కూడా నొక్కేస్తే క్రింప్ పడినట్టు కనిపిస్తుంది గానీ పట్టు ఉండదు.

ఎంతవరకు పంప్ చేయాలన్నది ఈ టూల్‌లో ఉన్న పెద్ద లోపం. మంచి టూళ్లలో ఒత్తిడి నిండగానే రిలీఫ్ వాల్వ్ టక్కున తెరుచుకుంటుంది, హ్యాండిల్ వదులైపోతుంది. ఇందులో ఆ శబ్దం ఒక పీసులో స్పష్టంగా వస్తుంది, ఇంకో పీసులో రానే రాదు. కాబట్టి చెవిని కాదు కంటిని నమ్మాలి: రెండు డైల ముఖాలూ కలిసేదాకా కొట్టాలి, కలిశాక ఆపాలి. వాల్వ్ సెట్టింగ్ ఎక్కువగా ఉన్న పీసులో కలిశాక కూడా కొడుతూ పోతే డై పగులుతుంది, లేదా సీల్ పోతుంది. డైలు పెట్టకుండా ఉత్తినే పంప్ చేయడం కూడా రామ్‌కి చెరుపే.

ఒక వదులు లగ్గు ఎంత వేడి పుట్టిస్తుందో లెక్క చూడండి. 240 అల్యూమినియం వాహకం 100 మి.మీ. ముక్క నిరోధం 12.5 మైక్రోఓమ్‌లు. 300 ఆంపియర్లకి అక్కడ పుట్టే వేడి వాట్ కన్నా కొంచెం ఎక్కువ, అంతే. అదే జాయింట్ నిరోధం ఒక మిల్లీఓమ్‌కి చేరితే 90 వాట్లు. కాంటాక్ట్ రెసిస్టెన్స్ మీటర్ దొరికితే మూడు ఫేజులూ కొలిచి పోల్చండి, ఒకటి మిగతా రెంటికన్నా బాగా ఎక్కువ చూపిస్తే అది తిరిగి చేయాల్సిందే. ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడేవాళ్లు మెరిసే లగ్గు మీద నేరుగా గురిపెట్టకండి, అసలు వేడి కన్నా చాలా తక్కువ చూపిస్తుంది. షట్‌డౌన్‌లో ఉన్నప్పుడే లగ్గు మీద నల్ల పీవీసీ టేపు ఒక చుట్టు వేసి ఉంచితే తర్వాత దాని మీద చూసుకోవచ్చు. ఇంకొకటి, క్రింప్ ఎంత బాగున్నా అల్యూమినియం లగ్గుని కాపర్ బస్‌బార్‌కి నేరుగా బిగిస్తే పనంతా వృథా. బైమెటాలిక్ (రాగి, అల్యూమినియం కలిపి చేసిన) లగ్గు గానీ, కనీసం బైమెటాలిక్ వాషర్ గానీ పడాలి.

మెయింటెనెన్స్ విషయంలో ఇది మొండి టూల్, మంచి అర్థంలోనే అంటున్నాను. ఎక్కువగా వచ్చే రోగాలు మూడు. రామ్ ముందుకొచ్చి ఒత్తిడి నిలబడకపోతే లోపలి బాల్ వాల్వ్ కింద సిమెంటు దుమ్మో ఇనుప రజనో చేరింది, ఆయిల్ తీసేసి కడిగితే చాలాసార్లు పోతుంది. రామ్ చుట్టూ ఆయిల్ చెమర్చితే ఓ-రింగ్, బ్యాకప్ రింగ్ మార్చాలి. హ్యాండిల్ సగం కొట్టుడు ఉత్తదిగా పోతుంటే లోపల గాలి చేరింది లేదా ఆయిల్ తగ్గింది. ఆయిల్ నిలవ ఉండేది హ్యాండిల్ గొట్టంలోని రబ్బరు తిత్తిలో. రామ్‌ని పూర్తిగా వెనక్కి పంపి, గొట్టం విప్పి, తిత్తిని అంచు దాకా నింపి, కొద్దిగా నొక్కి బుడగ పోయాక బిరడా పెట్టాలి. గాలి మిగిలితే టూల్‌ని తలకిందులుగా పట్టుకున్నప్పుడు మొరాయిస్తుంది. పల్చటి హైడ్రాలిక్ ఆయిల్ వాడండి, గ్రేడ్ 32 మన వాతావరణానికి సరిపోయింది. బ్రేక్ ఆయిల్ పోయడం మాత్రం ఆత్మహత్యే: గ్లైకాల్ తగిలితే నైట్రైల్ సీళ్లు ఉబ్బి పాడవుతాయి. మే నెలలో టెర్రస్ మీద ఎండలో వదిలేసినా సీళ్ల దగ్గర కారడం మొదలవుతుంది, నీడన పెట్టండి.

400 స్క్వేర్ ఎంఎం, ఆ పైన సైజులుంటే ఈ టూల్ జోలికి పోవద్దు, తల విడిగా ఉండే ఫుట్ పంప్ సెట్ తీసుకోండి. రోజూ పదుల కొద్దీ లగ్గులు పడే కాంట్రాక్టర్‌కి బ్యాటరీ టూల్ నయం. ఒత్తిడి నిండితే తానే ఆగుతుంది, తానే వెనక్కి వెళ్తుంది, సాయంత్రానికి భుజం మిగులుతుంది. పేరున్న యూరప్ కంపెనీలవి లక్ష దాటతాయి, ఇదేమో వేలల్లో వస్తుంది.

కొనేటప్పుడు కౌంటర్ మీదే 120 డై పెట్టించి, ముఖాలు కలిసేదాకా పంప్ చేసి, ఐదు నిమిషాలు అలాగే వదిలేయండి. డైల మధ్య వెంట్రుకంత సందు తెరుచుకున్నా, రామ్ దగ్గర ఆయిల్ తడి కనిపించినా ఇంకో పీసు అడగండి. రెండు డైల అంచులు ఒకే వరుసలో ఉన్నాయో లేదో గోరుతో తడిమి చూడండి, మెట్టు తగిలితే ప్రతి లగ్గు మీదా అదే మెట్టు పడుతుంది. బిల్లు వేసేలోపు సీల్ కిట్ ఒకటి విడిగా ఇమ్మనండి. కిట్ లేదన్న షాపులో టూల్ కూడా తీసుకోవద్దు.