తేనెపిట్టకు మూడున్నర మీటర్ల దూరంలో: పాప్-అప్ టెంటు రివ్యూ

పెద్ద లెన్స్ కొన్న తర్వాత కూడా నా పిట్టల ఫోటోలు బాగుపడలేదు. 600 మిల్లీమీటర్ల దాకా వెళ్లే జూమ్, క్రాప్ సెన్సార్ (కాస్త చిన్న సెన్సార్) ఉన్న కెమెరా, గట్టి ట్రైపాడ్ అన్నీ ఉన్నాయి. కానీ నేను తోటలో అడుగు పెడితే చాలు, తేనెపిట్ట పది మీటర్ల అవతలి కొమ్మకు వెళ్లిపోయేది. ముక్కు నుంచి తోక దాకా కొలిస్తే పది సెంటీమీటర్లుండే ప్రాణి అది. అంత దూరం నుంచి తీస్తే ఫ్రేము వెడల్పులో పావు వంతు వస్తుంది. దాన్ని క్రాప్ చేసి పెద్దది చేస్తే ఈకలున్న చోట మరకలు కనిపించేవి.

ఏడు నెలల కింద ఈ టెంటు తీసుకున్నాను. ఒక మనిషి, ఒక స్టూలు, ఒక ట్రైపాడ్ పట్టే గుడ్డ గుడారం. పిట్టల ఫోటోలు తీసేవాళ్లు దీన్ని హైడ్ అంటారు. ఇది లెన్స్ కంటే ముందే కొని ఉండాల్సింది.

సంచిలోంచి తీసి వదిలేస్తే లోపలి స్ప్రింగు రింగులు విచ్చుకుని దానంతటదే నిలబడుతుంది. మళ్లీ మడవడానికి మాత్రం ఇప్పటికీ రెండు మూడుసార్లు ప్రయత్నించాల్సి వస్తోంది. అందుకే చాలావరకు తోటలోనే ఉంచేస్తాను, పిట్టలకూ అదే మంచిది. మొదటి వారం నేను లోపలికి వెళ్లలేదు. మూడో రోజుకల్లా పిచ్చుకలు దాని నెత్తి మీద వాలడం మొదలుపెట్టాయి.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది జిప్పు. కిటికీ తెరిస్తే వచ్చే ఆ చర్రుమనే చప్పుడుకు చుట్టుపక్కల పొదలన్నీ ఖాళీ అవుతాయి. నేను ముందు కిటికీకి జిప్పు తీసేయించి బటన్లు కుట్టించాను. రెండోది, గుడ్డ వదులుగా ఉంది. కాస్త గాలి వీస్తే టపటపా కొట్టుకుంటుంది. కంపెనీ ఇచ్చిన మేకులు మెత్తటి మట్టిలో నిలవలేదు, నాలుగు మూలలా ఇసుక సంచులు కట్టాక గానీ కుదురుగా నిలబడలేదు. మూడోది, లోపల నల్ల గుడ్డ అతికించలేదు. వెనక కిటికీ కొంచెం తెరిచి ఉన్నా నా ఆకారం నీడలా బయటికి కనిపిస్తుంది, పిట్ట వెంటనే గుర్తుపడుతుంది. వెనకవైపు పూర్తిగా మూసేసి, ముదురు రంగు చొక్కా వేసుకుంటే ఆ ఇబ్బంది లేదు. ఎండ ముదిరాక లోపల ఉక్క భరించలేం. నేను తెల్లవారుజామునే వెళ్లి రెండు గంటల్లో బయటికి వచ్చేస్తాను.

లోపలికి వెళ్లడానికీ ఒక పద్ధతి ఉంది. నేనూ మా చెల్లీ ఇద్దరం కలిసి టెంటు దాకా నడుస్తాం. నేను లోపలికి దూరతాను, తను మాట్లాడుకుంటూ వెనక్కి వెళ్లిపోతుంది. వచ్చిన మనిషి వెళ్లిపోయిందనుకుని చాలా పిట్టలు త్వరగా తిరిగొస్తాయి. హైడ్ వాడేవాళ్లలో ఇది పాత కిటుకే. వందేళ్లకు పైగా క్రితం రిచర్డ్, చెర్రీ కీర్టన్ అనే బ్రిటిష్ అన్నదమ్ములైతే బోలుగా చేసిన ఎద్దు బొమ్మలో దాక్కుని పిట్టల ఫోటోలు తీశారు. నా స్టూలు మీద గంట దాటి కూర్చున్నప్పుడల్లా వాళ్లు గుర్తొస్తారు, వాళ్ల ఓపికకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మందార చెట్టుకు మూడున్నర మీటర్ల దూరంలో, ఉదయపు ఎండ నా వీపు వైపు నుంచి పడేలా టెంటు వేశాను. ఇది చాలా ముఖ్యం. మగ తేనెపిట్ట దూరం నుంచి నల్లగానే కనిపిస్తుంది. దాని మెడ మీది ఊదా, నీలం మెరుపు రంగుపదార్థంది కాదు, ఈకల సన్నటి అమరిక మీద వెలుగు పడినప్పుడు వచ్చేది. పిట్ట తల కొంచెం తిప్పితే చాలు, ఆరిపోతుంది. ఒక రోజు తేనెపిట్ట పూవు ముందు నుంచి రాలేదు. తొడిమ పక్కన, పూవు అడుగున ముక్కు గుచ్చి మకరందం లాగింది. తల ఎత్తి నా వైపు చూసిన ఆ అర సెకనులో మెడ మొత్తం మెరిసింది. ఫ్రేము నిండా పిట్టే!

అంత దగ్గరలో ఫోకస్ లోతు, అంటే ముందు వెనకల పదునుగా వచ్చే మేర, చాలా తక్కువ. ఎఫ్ అంకె లెన్స్ ఎంత తెరుచుకుందో చెబుతుంది, అంకె పెరిగితే లోతు పెరుగుతుంది, వెలుగు తగ్గుతుంది. ఎఫ్/6.3లో ఆ లోతు సెంటీమీటరు కూడా ఉండదు, కన్ను పదునుగా వస్తే ముక్కు కొస మసకబారుతుంది. ఎఫ్/8 పెట్టి, షట్టర్ సెకనులో 1/2000 వంతు ఉంచి, ఐఎస్ఓ (ఫోటో వెలుగును పెంచే సెట్టింగు) 3200 దాకా వెళ్లనిస్తున్నాను. దానివల్ల నాయిస్ (ఫోటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు) వచ్చినా ఫరవాలేదు, కదిలిన ఫోటోను మాత్రం ఎవరూ బాగుచేయలేరు. వరసగా పది పన్నెండు ఫ్రేములు తీయండి. పిట్టల కంటికి అడ్డంగా జారే మూడో రెప్ప ఒకటుంటుంది, అది పడిన ఫ్రేములో కన్ను పాలపొర కమ్మినట్టు ఉంటుంది. మొదట్లో నా లెన్స్‌లోనే లోపం ఉందనుకుని టెన్షన్ పడ్డాను. చప్పుడు లేకుండా తీసే సైలెంట్ షట్టర్ కూర్చున్న పిట్టకు బాగుంటుంది, ఎగిరే పిట్టకు రెక్కలు వంకరగా వస్తాయి.

కొనేముందు మీ లెన్స్ ఎంత దగ్గర దాకా ఫోకస్ చేస్తుందో చూసుకోండి. నాది 2.8 మీటర్లు. ఒక ఉదయం దర్జీ పిట్ట కిటికీకి మీటరు దూరంలోని కుండీలో వాలి అరిచింది. అరిచినప్పుడల్లా గొంతుకు రెండు పక్కలా నల్ల మచ్చలు బయటపడ్డాయి. ఒక్క ఫోటో కూడా రాలేదు. కుండీలను ఆ సాయంత్రమే వెనక్కి జరిపాను. అలాగే స్టూలు మీద కూర్చుని కిటికీ ఎత్తు సరిచూసుకోండి. నాది కాస్త ఎత్తుగా ఉంది, నేల మీద నీళ్ల పళ్లెంలో మునిగే పిచ్చుకలను పైనుంచి తీయాల్సి వచ్చేది. పళ్లెం కింద ఇటుకలు పేర్చాక వాటి కళ్లకు సమానంగా తీయగలుగుతున్నాను.

గూడు పక్కన మాత్రం ఈ టెంటు వేయకండి, అది ఎంత అలవాటైన టెంటైనా సరే. తేనెపిట్టల్లో పొదిగేది ఆడదే. అది బెదిరి వెళ్లిపోతే గుడ్లు చల్లబడతాయి, కాకులు కూడా కనిపెట్టి చూస్తుంటాయి. మా తోటలో తేనెపిట్ట నిమ్మ కొమ్మకు గూడు వేలాడదీసినప్పుడు టెంటు తీసి మడిచాను. పిల్లలు ఎగిరిపోయేదాకా, దాదాపు ఐదు వారాలు, సంచిలోనే ఉంది.