సేంద్రియ టమాటకు ఏది మేలు: బోదెలా, షీటు పరచిన మడులా, గడ్డి కప్పిన మడులా?

మదనపల్లె ప్రాంతపు ఎర్ర గరప నేలల్లో సేంద్రియ టమాట వేయదలచిన రైతు ఏ ఎరువు వేయాలని అడిగినంతగా నారును ఎలా నాటాలని అడగడు. సేంద్రియ సేద్యంలో మొక్కకు తిండి సిద్ధం చేసేది నేలలోని సూక్ష్మజీవులే కాబట్టి, వాటికి తేమా గాలీ నిలకడగా అందించే నాటు పద్ధతిని ఎరువుకన్నా ముందే తేల్చుకోవాలని నా అభిప్రాయం.

మట్టిని గట్లుగా ఎత్తి బోదెలు తోలి, వాటి మధ్య కాలువల్లో నీరు పారించే పద్ధతికి ఖర్చు తక్కువ. అయితే తడి ఇచ్చిన రోజున వేళ్ల చుట్టూ నీరు నిలిచి, కొద్ది రోజులకే నేల బిగుసుకుపోతుంది. నేలలో కాల్షియం ఉన్నా, తేమ ఇలా ఆగి ఆగి అందితే అది కాయ కొనదాకా చేరదు గనుక కాయ అడుగుభాగం నల్లబడి కుళ్లుతుంది. బాగా ఎండిన చేనుకు ఒక్కసారిగా నీరు పెడితే కాయ పగులుతుంది. బాక్టీరియా ఎండు తెగులు కూడా కాలువ నీటి వెంటే మొక్క నుంచి మొక్కకు పాకుతుంది.

ఎత్తు మడిపై డ్రిప్ వేసి, 25–30 మైక్రాన్ల మందం గల ప్లాస్టిక్ షీటు పరిస్తే ఈ చిక్కులు చాలావరకు తీరుతాయి. కలుపు పెద్దగా రాదు, వానకు మట్టి చింది ఆకులపై పడదు, షీటుకు ఒకవైపు ఉండే వెండి రంగు పైకి ఉంటే ఆకుముడత వైరస్‌ను మోసే తెల్లదోమ తగ్గుతుంది. మన సేంద్రియ ధ్రువీకరణ నియమాలు కూడా పాలిథీన్ షీటును అనుమతిస్తాయి. పంట తర్వాత దాన్ని నేలలోంచి తీసేయాలి, పొలంలో కాల్చకూడదు. నాకున్న అభ్యంతరం వేరు. షీటు కింద తేమ నిలుస్తుంది గానీ, పైనుంచి చివికి నేలలో కలిసేది ఏదీ ఉండదు. పంట మధ్యలో ఘనజీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి చేసే ఎరువు) చల్లే వీలూ ఉండదు.

అదే మడిపై, అదే డ్రిప్‌తో, షీటుకు బదులు మూడు నాలుగు అంగుళాల మందాన వరిగడ్డి కప్పితే నేల చల్లగా ఉండి, వానపాములు పైపొరకు వస్తాయి, గడ్డి మెల్లగా చివికి సేంద్రియ కర్బనంగా మారుతుంది. చివకక ముందే నేలలో దున్ని కలిపితే మాత్రం అది చివికేటప్పుడు మొక్కకు అందవలసిన నత్రజనిని సూక్ష్మజీవులే పట్టేసుకుంటాయి. పశువుల మేతకే చాలని గడ్డిని చేనుకు వేయమనడం సబబు కాదు. చెరకు ఆకు, వేరుశనగ పొట్టు ఆ పని చేస్తాయి. ఎర్రనేలల్లో చెదల బెడద ఉంటుంది గనుక కాండం చుట్టూ బెత్తెడు ఖాళీ వదలాలి.

వేసవి పంటకు గడ్డి మడినే ఎంచుకోమంటాను. ముసురు పట్టే వానాకాలంలో తడిసిన గడ్డి కింద నత్తలు, కుళ్లు పెరుగుతాయి కాబట్టి ఆ ఒక్క పంటకు షీటు వాడినా తప్పు లేదు. ఏది పరచినా, కోతలు ముగిశాక తెగులు లేని మొక్కలను పీకకుండా మొదలు దగ్గర కోసి, వేళ్లను నేలలోనే చివకనిచ్చి, అదే మడిలో అలసంద విత్తుకోవచ్చు.