మరమ్మతుల సాఫ్ట్‌వేర్ కొనేవారికి హెచ్చరిక: కాలిపోయిన మోటారు కొత్తదిగా లెక్కకెక్కింది

యంత్రాల మరమ్మతులు, పునరుద్ధరణ పనుల కోసం పెద్ద స్థాయి మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ కొనబోతున్నవారు సంతకం చేసే ముందు దయచేసి ఇది చదవండి. మాకు అమ్మిన సంస్థ పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు, మేము ఏమి అడగకుండా కొన్నామో చెప్పడమే ముఖ్యం.

డెమోలో ఫిర్యాదు నమోదు నుంచి వర్క్ ఆర్డర్ (మరమ్మతు పని ఆదేశం) మూసివేత దాకా అంతా చక్కగా చూపించారు. యంత్రాన్ని ఉన్నచోటే బాగుచేసే పనికి అది చాలు. కానీ విప్పిన మోటారునో గేర్‌బాక్సునో స్టోర్స్‌కు చేర్చి, రివైండింగ్‌కో (లోపలి తీగచుట్టలు, అంటే వైండింగ్, మళ్లీ చుట్టించడానికో) ఓవర్‌హాలింగ్‌కో పంపి, తిరిగి వచ్చాక స్పేర్‌గా నిల్వ చేసే పని వేరు. అక్కడ ఒకే వస్తువు కొత్తది, పాడైనది, బాగుచేసినది అనే మూడు స్థితుల్లో, మూడు విలువలతో ఉంటుంది. ఎస్ఏపీ అనే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో దీనికోసమే పీఎం04 అనే రిఫర్బిష్‌మెంట్ ఆర్డర్ (పాడైన స్పేర్‌ను బాగుచేయించే ఆర్డర్), ఒకే మెటీరియల్ కోడ్ కింద స్థితిని బట్టి వేర్వేరు విలువ కట్టే స్ప్లిట్ వాల్యుయేషన్ ఉన్నాయి; పాడైన వస్తువు ఆ ఆర్డర్ మీదే స్టోర్స్ నుంచి వెళ్లి, ఆ ఆర్డర్ మీదే బాగుచేసినదిగా తిరిగి వస్తుంది. మేము కొన్నదానిలో అటువంటి ఏర్పాటు ఏదీ లేదు. ఒప్పందంలో "మరమ్మతుల నిర్వహణ" అని రాసి ఉంటే ఇది కూడా అందులో భాగమేనని నమ్మాము.

ఒక రాత్రి ఉత్పత్తి లైన్ ఆగినప్పుడు తెర మీద ఆరు మోటార్లు ఉన్నట్టు కనిపించింది. వెళ్లి చూస్తే వాటిలో నాలుగు వైండింగ్ కాలిపోయి మరమ్మతుకు ఎదురుచూస్తున్నవే. అన్నింటికీ కొత్తదాని ధరే కట్టడం వల్ల నిల్వ విలువ పెరిగిపోయి, ఆడిటర్లు అభ్యంతరం చెప్పారు. నన్ను ఎక్కువగా బాధించింది మాత్రం సీరియల్ నంబర్ల సంగతి. బయటి వర్క్‌షాపు బాగుచేసి పంపిన మోటారు నెలలోపే మళ్లీ కాలిపోయింది. అది వాళ్లు బాగుచేసినదేనని చూపే చరిత్ర సాఫ్ట్‌వేర్‌లో లేక, ఆ పనికి ఉన్న వారంటీని పోగొట్టుకున్నాము. అమ్మినవారిని అడిగితే మా అవసరం ప్రత్యేకమైనదని, విడిగా తయారుచేయడానికి అదనపు రుసుము కట్టాలని బదులిచ్చారు.

కాబట్టి మీ స్టోర్స్‌లో నిజంగా పాడైపోయి ఉన్న ఒక స్పేర్‌ను ఎంచుకుని, దానిని పాడైనదిగా నిల్వలోకి తీసుకోవడం, బయటికి పంపడం, ఖర్చు చేర్చడం, అదే సీరియల్ నంబరుతో తిరిగి తీసుకోవడం అన్నీ మీ డేటాతోనే మీ ఎదుట చేయించండి. ఆ సమయంలో స్టోర్‌కీపర్, ఫిట్టర్, అకౌంటెంట్ తప్పక ఉండాలి. మా డెమోకు ఈ ముగ్గురిలో ఒక్కరినీ పిలవలేదు. ఈ పరీక్ష నెగ్గితేనే చివరి వాయిదా చెల్లిస్తామని ఒప్పందంలో రాయించండి.

డేటాను ఏ రూపంలో తిరిగి ఇస్తారో కూడా ముందే అడగండి. మేము వదిలి వెళ్తామన్నప్పుడు మరమ్మతుల చరిత్ర మొత్తాన్ని పీడీఎఫ్‌లుగా ఇచ్చారు. వాటిని మా స్టోర్స్ సిబ్బంది ఇప్పుడు ఒక్కొక్కటిగా చూస్తూ చేత్తో ఎక్కిస్తున్నారు.