పాస్‌పోర్టు చూపించడం వేరు, పంపించడం వేరు

హోటల్ బదులు అద్దె ఇల్లు తీసుకునేవాళ్లు గదులు, వంటిల్లు, రివ్యూలు అన్నీ చూసుకుంటారు. గుర్తింపు కార్డుల సంగతి మాత్రం తాళం చేతికొచ్చే ముందు దాకా గుర్తుకు రాదు. రోమ్, బార్సిలోనా, టోక్యోల్లో మేం ఇలాంటి ఇళ్లలోనే దిగాం. మూడు ఇళ్లూ శుభ్రంగా, ఫొటోల్లో ఉన్నట్టే ఉన్నాయి. పాస్‌పోర్టులు అడిగిన తీరులో మాత్రం మూడింటికీ చాలా తేడా ఉంది.

అసలు మొదటి తనిఖీ బుకింగ్ అప్పుడే అయిపోతుంది. యాప్‌లో పాస్‌పోర్టు ఫొటో తీయాలి, ఆ తర్వాత సెల్ఫీ. ఇళ్లు అద్దెకిచ్చే యాప్ ఎయిర్‌బీఎన్‌బీలో ఇలా ఇచ్చిన కార్డు కాపీ ఇంటి ఓనర్‌కు వెళ్లదు. ఇక్కడ ఎక్కువగా చిక్కు వచ్చేది పేరు దగ్గర. ఖాతాలో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం పెట్టుకుని, పాస్‌పోర్టులో పూర్తిగా రాసి ఉంటే రెండూ కలవవు. మా ఆయన ఖాతా అలాగే ఆగిపోయింది. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు మార్చాక ముందుకు కదిలింది. టికెట్లు కొన్న రోజే ఈ పని కానిచ్చేస్తే ప్రయాణం ముందు టెన్షన్ ఉండదు. ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపేసి, పగటి వెలుతురులో బల్ల మీద పెట్టి తీయండి. పేజీ అడుగున వరుసకు 44 చొప్పున రెండు వరుసల్లో అక్షరాలు, అంకెలు, గుర్తులు ఉంటాయి. యంత్రాలు చదివే భాగం అదే. దానిమీద వేలు పడకూడదు.

రోమ్‌లో ఇల్లు పాత భవనంలో, పై అంతస్తులో. యజమానురాలు స్వయంగా వచ్చింది. ఇటలీలో అతిథుల వివరాలను, వాళ్లు దిగిన 24 గంటల్లోగా పోలీసుల ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఒక్క రోజులోపు బస అయితే గడువు 6 గంటలే. ఇనుప కటకటాలకు నంబర్ల తాళం డబ్బాలు వేలాడదీసి, మనిషిని చూడకుండానే ఇల్లు అప్పగించడం అక్కడ బాగా పెరిగింది. 2024 నవంబరులో హోంశాఖ సర్క్యులర్ ఇచ్చింది: కార్డులోని ముఖం, ఎదురుగా ఉన్న ముఖం ఒకటేనా అని చూసి తీరాలని. దాని మీద కోర్టుల్లో వాదాలు కూడా నడిచాయి. మా యజమానురాలు గుమ్మం దగ్గరే ఒక్కో పాస్‌పోర్టూ తెరిచి, మొహం చూసి, ఫోన్‌లో వివరాలు టైప్ చేసుకుని, అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేసింది. ఒక్క ఫొటో కూడా తీయలేదు. మా అత్తయ్య పాస్‌పోర్టు తెరిచినప్పుడు పుట్టిన తేదీ చూసి, మెట్లు ఎక్కువ కదా, లిఫ్ట్ ఎటుందో చూపిస్తాను రండి అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. మనుషుల్ని ఎదురుగా చూస్తే కలిగే మేలు ఇదీ అనిపించింది నాకు.

బార్సిలోనాలో కథ వేరు. దిగడానికి ముందు రోజు రాత్రి, బుక్ చేసిన యాప్‌లో కాకుండా వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. అందరి పాస్‌పోర్టులూ రెండు వైపులా ఫొటోలు తీసి పంపాలట, పాస్‌పోర్టు పట్టుకుని సెల్ఫీ కూడా కావాలట. అది వస్తేనే తలుపు కోడ్ ఇస్తామన్నారు. మన పాస్‌పోర్టులో చివరి పేజీ అంటే తల్లిదండ్రుల పేర్లు, ఇంటి చిరునామా. అవన్నీ ఎవరి ఫోన్‌లో ఎంతకాలం ఉంటాయో, ఎవరి చేతికి పోతాయో ఎవరు చెప్పగలరు? పైగా పాస్‌పోర్టు పట్టుకుని దిగిన సెల్ఫీ చేతికి చిక్కితే, మన పేరున ఎక్కడైనా ఖాతా తెరవడానికి మోసగాళ్లకు అంతకన్నా కావలసిందేముంది?

స్పెయిన్ చట్టం కఠినమైన మాట నిజమే. రాయల్ డిక్రీ 933/2021 అనే ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం, 2024 డిసెంబరు 2 నుంచి, ఓనర్లు అతిథుల పేరు, పాస్‌పోర్టు నంబరు, చిరునామా, ఫోన్, చెల్లింపు వివరాలు అన్నీ ప్రభుత్వానికి పంపాలి. పిల్లలుంటే బంధుత్వం కూడా రాయాలి. 14 ఏళ్లు దాటినవాళ్లంతా సంతకం పెట్టాలి. మా అమ్మాయి కూడా పెట్టింది. అయితే వివరాలు ఇవ్వడం వేరు, కార్డు కాపీ ఇవ్వడం వేరు. అక్కడి డేటా రక్షణ సంస్థ 2025లో ఈ మాటే స్పష్టంగా చెప్పింది: కాపీ అడగడమంటే అవసరానికి మించి సమాచారం లాగడమేనని. నేను వాట్సాప్‌లో బదులివ్వలేదు. బుక్ చేసిన యాప్‌లోనే, ఫారం ఇస్తే వివరాలు నింపుతాం, పాస్‌పోర్టులు వచ్చాక చూపిస్తాం, కాపీలు మాత్రం పంపం అని మర్యాదగానే రాశాను. పొద్దున్నకి ఫారం వచ్చింది, కోడ్ కూడా వచ్చింది. కానీ ఆ రాత్రి మాకెవరికీ సరిగ్గా నిద్ర లేదు. ఇల్లెంత బాగున్నా రివ్యూలో ఈ సంగతి రాశాను, రేటింగు తగ్గించాను. మన తర్వాత వెళ్లేవాళ్లకు తెలియాలి కదా.

టోక్యోకి వచ్చేసరికి రూలు తిరగబడింది. అక్కడ చిరునామా లేని విదేశీయులు పాస్‌పోర్టు చూపించాలి, ఓనర్ కాపీ ఉంచుకోవాలి. అడగడంలో తప్పేమీ లేదు. ఇళ్లలో బసకు సంబంధించిన చట్టం అక్కడ 2018 జూన్‌లో అమల్లోకి వచ్చింది. గుమ్మం పక్కన నమోదు పలక, లోపల ఒక ట్యాబ్లెట్. వీడియోలో కనిపించిన అమ్మాయి పాస్‌పోర్టును ముఖం పక్కన పట్టుకోమంది, ఫొటో పేజీ మాత్రమే తీసుకుంది, ఎందుకు తీసుకుంటున్నారో రాసిన కాగితం చూపించింది. ఐదు నిమిషాల పని.

ఓనర్ల భయం నాకూ అర్థమవుతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లకు సొంతిల్లు అప్పగిస్తున్నారు. అందుకే మనమూ వాళ్ల గురించి అడగాలి. ఇటలీలో అయితే ప్రకటనలో అద్దె ఇళ్లకు ఇచ్చే సీఐఎన్ అనే జాతీయ కోడ్ ఉండాలి, జపాన్‌లో ఎం అక్షరంతో మొదలయ్యే నమోదు నంబరు ఉంటుంది. అవి లేని ఇంటికి పాస్‌పోర్టు వివరాలు ఇచ్చేముందు ఆగి ఆలోచించండి. కాపీ ఇవ్వక తప్పని చోట ఫొటో మీద అడ్డంగా ఆ ఇంటి పేరు, తేదీ, "ఈ బసకు మాత్రమే" అని రాసి ఇవ్వండి. చివరి పేజీ మాత్రం ఇవ్వొద్దు.

మళ్లీ వెళ్తే రోమ్, టోక్యోల్లో ఆ ఇళ్లలోనే దిగుతాం. బార్సిలోనాలో ఇంకో ఇల్లు వెతుక్కుంటాం. ఈసారి డబ్బు కట్టకముందే, పాస్‌పోర్టు వివరాలు ఎలా తీసుకుంటారో అడుగుతాను.