మొలారిటీ: ఒక్క సూత్రమా, రెండు మెట్లా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో చదివితే ప్లస్ టూ, సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నంలో చదివితే ఇంటర్. మొలారిటీ లెక్క మాత్రం రెండు చోట్లా ఒకటే: లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ ద్రావితం (కరిగిన పదార్థం) ఉంది? అణుభారం ఎంతో అన్ని గ్రాములు తూస్తే ఒక మోల్. మన పిల్లలు దీన్ని రెండు రకాలుగా కడతారు.

ఒకటి బట్టీ సూత్రం: గ్రాములు/అణుభారం × 1000/మి.లీ. 250 మి.లీ. ద్రావణంలో 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ (అణుభారం 40) ఉంటే, 4/40 × 1000/250 = 0.4 మొలార్. ఒక్క లైన్‌లో అయిపోతుంది. నీట్ హాల్లో టైమ్ చాలనప్పుడు ఇదే ఆదుకుంటుంది, కాదనను.

రెండోది ముందు మోల్స్, తర్వాత లీటర్లు. 4/40 అంటే 0.1 మోల్. దాన్ని 0.25 లీటరుతో భాగిస్తే అదే 0.4. ఒక లైన్ ఎక్కువైనా నా ఓటు దీనికే. ప్రశ్నను తిరగేసినప్పుడు తేడా బయటపడుతుంది. 0.2 మొలార్ మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణం 500 మి.లీ. కావాలి, ఎన్ని గ్రాములు తూచాలి? కావలసింది 0.1 మోల్. మరి ఏ మైలుతుత్తం? ల్యాబ్ సీసాలోని నీలం స్ఫటికాల్లో ఒక్కో అణువుకు ఐదు నీటి అణువులుంటాయి, అణుభారం 249.7, అంటే దాదాపు 25 గ్రాములు. నీరు లేని తెల్ల పొడి అయితే 16 గ్రాములు చాలు. సూత్రం పట్టుకున్నవాడు గుర్తొచ్చిన అంకె వేసేస్తాడు. మోల్స్ దగ్గర ఆగినవాడికి ఈ అనుమానం వస్తుంది.

ఏ దారి పట్టినా, 500 మి.లీ. నీళ్లు కొలిచి అందులో పొడి వేస్తే మాత్రం లెక్క తప్పుతుంది, ఎందుకంటే 500 మి.లీ. ఉండాల్సింది నీళ్లు కాదు, మొత్తం ద్రావణం. ముందు కొద్ది నీళ్లలో కరిగించి, తర్వాత 500 మి.లీ. ఫ్లాస్క్‌లో పోసి, మెడ మీది గీత దాకా నీళ్లతో నింపాలి.